తాతగారి సైకిలు మళ్ళీ రోడ్డెక్కాలంటే

తెలుగు ఊళ్ళలో కాస్త పాతబడ్డ ఇల్లు ఏది చూసినా వసారా గోడకో, మెట్ల కిందో, పశువుల కొట్టంలోనో ఒక నల్ల సైకిలు ఆనించి కనిపిస్తుంది. 1950ల నుంచి 80ల దాకా బడిపంతులుకీ, పోస్ట్‌మ్యాన్‌కీ, పాలవాడికీ, పట్నంలో గుమాస్తాకీ అదే బండి. అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడు రిస్టువాచీతో పాటు కోరేదీ దాన్నే. పన్ను కట్టి, ఆ ఏటి బిళ్ళ తగిలించుకుని, రాత్రయితే దీపం లేకుండా పోలీసు కంట పడకూడదని భయపడుతూ తిరిగిన వాహనం అది. స్కూటరూ మోటారుసైకిలూ వచ్చాక మూలకు చేరింది. ఇవాళ దానికి మిగిలినవి సాధారణంగా రెండు దారులు. ఒకటి పాత ఇనుము కొనేవాడి తక్కెడ. రెండోది, మనవడికి ఉన్నట్టుండి మమకారం పుడితే, రంగులు కొట్టే షాపు. అక్కడ పాత పెయింటు గీకించి, కొత్త రంగు వేయించి, రిమ్ములకు మెరుగు పెట్టించి తెచ్చి హాల్లో నిలబెడతారు. మొదటి దారిలో సైకిలు మొత్తం పోతుంది. రెండో దారిలో కూడా చాలావరకు పోయి, ఆకారం మాత్రం మిగులుతుంది. ఈ రెండూ కాని మూడో దారి ఉంది. ఇంట్లోనే, మామూలు పనిముట్లతో, కొన్ని ఆదివారాల్లో దాన్ని తొక్కదగ్గ బండిగా చేసుకోవచ్చు. అందుకు ఒకే సూత్రం చాలు: తిరిగే భాగాలనూ బండిని ఆపే భాగాలనూ కొత్తవాటితో సమానంగా చేయాలి, కంటికి కనిపించే మిగతా భాగాలను శుభ్రం చేసి వదిలేయాలి. ఈ సూత్రానికి ఆధారం ఆ సైకిలు తయారైన తీరులోనే ఉంది.

బాగుచేయడానికి వీలుగా పుట్టిన బండి

రెండు సమాన చక్రాలు, వెనక చక్రాన్ని గొలుసుతో తిప్పే పద్ధతి 1885లో ఇంగ్లండులోని కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన ‘రోవర్’ సైకిలుతో స్థిరపడ్డాయి. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలకల్లా ‘రోడ్‌స్టర్’ అనే నల్ల సైకిలు రూపం దాదాపు ఖాయమైపోయింది. నాటింగ్‌హామ్ ర్యాలీ, బర్మింగ్‌హామ్ బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ బండ్లు ఓడల మీద మన దేశానికి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నమూనానే ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టాం. 1949లో ఏర్పడ్డ టి.ఐ. సైకిల్స్ మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్ తయారుచేసింది. అసన్సోల్‌లో సెన్-ర్యాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. 1986లో హీరో ప్రపంచంలోకెల్లా పెద్ద సైకిలు తయారీ సంస్థగా గిన్నిస్ పుస్తకంలో చేరింది. అట్లాస్ మాత్రం తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, మూసేసింది. కంపెనీల కథలు ఎలా నడిచినా బండి కొలతలు పెద్దగా మారలేదు. 28 అంగుళాల చక్రం, అందులో టైరు కూర్చునే చోట 635 మిల్లీమీటర్ల వ్యాసం, పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళం ఉండే గొలుసు, ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. ఈ లెక్క పేరు ఏదైనా ఒకటే. అందుకే మీ ఇంట్లో ఉన్నది మూతబడ్డ కంపెనీ సైకిలైనా దానికి టైరు, గొలుసు, ఇరుసు ఇవాళ జిల్లా కేంద్రంలోని సైకిలు సామాన్ల షాపులో దొరుకుతాయి. ఆ నమూనా సైకిళ్ళు లూధియానాలో ఇంకా తయారవుతూనే ఉన్నాయి.

కొలతలు ఒకటే కావడం ఒక ఎత్తు, ఆ బండిని కూర్చిన పద్ధతి మరో ఎత్తు. ఫ్రేములోని ఉక్కు గొట్టాలు కలిసే ప్రతిచోటా లగ్ అనే తొడుగు ఉంటుంది. అందులోకి గొట్టాలను దూర్చి, ఇత్తడి కరిగించి అతికిస్తారు. మిగిలినదంతా మరలతో బిగించిందే. హబ్బు విప్పితే ఇరుసు, రెండు కోనులు, రెండు కప్పులు, వాటి మధ్య ఉక్కు గోళీలు వస్తాయి. అరిగిన కోనును మాత్రమే మార్చి హబ్బును ఉంచుకోవచ్చు. బ్రేకుల్లో తీగ సైతం లేదు, కడ్డీలూ నట్లూ తప్ప. అతికించి మూసేసిన డబ్బా ఒక్కటీ ఇందులో కనిపించదు. ఈ మధ్య ఫోన్లూ, ట్రాక్టర్లూ, ఇంటి యంత్రాలూ కొన్నవాళ్ళు బాగుచేయించుకోలేకపోతున్నారని, ‘రిపేరు హక్కు’ మీద విధివిధానాలు రూపొందించడానికి 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీని వేసింది. ఇవాళ చట్టం చేసి తెచ్చుకోవాలనుకుంటున్న సౌలభ్యం ఆ నల్ల సైకిలులో పుట్టుకతోనే ఉంది. ఇంట్లో బాగుచేసుకోవచ్చనడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

ముందు పరీక్ష, తర్వాతే పని

ఏ నట్టూ విప్పకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఫ్రేమూ ఫోర్కూ బాగున్నాయా లేదా? సైకిలులో ఏది పాడైనా మార్చుకోవచ్చు, ఈ రెండూ పాడైతే ఆ సైకిలు పని అయిపోయినట్టే. హ్యాండిల్ కింద ఉండే నిలువు గొట్టం దగ్గర, పై అడ్డకమ్మీ, కింది వాలు కమ్మీ మొదలయ్యే చోట వేళ్ళతో తడిమి చూడాలి. అక్కడ ఉబ్బు, ముడత, పెయింటు అడ్డంగా పగిలిన గీత కనిపిస్తే ఆ బండి ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దిందని అర్థం. ఫ్రేము వంకర పోయిందో లేదో చూడడానికి దారం చాలు. వెనక చక్రం తీసేసి, చక్రం కూర్చునే ఒక చెవి నుంచి దారాన్ని ముందుకు తెచ్చి, హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో చెవికి లాగి కట్టాలి. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేము నిటారుగా ఉన్నట్టు. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే అనుభవమున్న మేస్త్రీకి చూపించాలి. తర్వాత పెడళ్ళ ఇరుసు ఉండే అడుగు గొట్టాన్ని చూడాలి. వాననీరు ఫ్రేములోంచి జారి చేరేది అక్కడికే. స్క్రూడ్రైవరు పిడితో తట్టినప్పుడు పొలుసులు రాలినా, మొన గుచ్చితే దిగినా ఆ ఉక్కు మీద నమ్మకం పెట్టుకోకూడదు. కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి గొట్టం బయట బాగున్నా లోపల తినేసి ఉండవచ్చు. కరీంనగర్‌లోనో అనంతపురంలోనో పొడి చోట నిలబడ్డ బండి పైకి ఎర్రగా కనిపించినా లోపల గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. ఫోర్కు గురించి ఇంకా కఠినంగా ఉండాలి. పగులున్నా వంగినా దాన్ని వెల్డింగు చేయించకండి, మార్చేయండి. పరుగులో ఫోర్కు విరిగితే మనిషి మొహం మీద పడతాడు.

పరీక్షలో నెగ్గిన బండిని విప్పే ముందు నాలుగు పక్కలా ఫోన్లో ఫొటోలు తీసుకోవాలి. ఏ వాషరు ఏ నట్టు వెనక ఉందో, కడ్డీ బ్రేకు ఏ రంధ్రంలోంచి వెళ్ళిందో వారం గడిచాక గుర్తుండదు. పనిముట్ల జాబితా చిన్నదే: నాలుగైదు స్పానర్లు, కోనులకు పల్చటి స్పానరు, స్పోకు తాళం, సుత్తి, స్క్రూడ్రైవరు, పాత టూత్‌బ్రష్షులు, గ్రీజు, కొంచెం కిరోసిన్. రేషను కిరోసిన్ రోజులు పోయాయి కాబట్టి అది దొరక్కపోతే డీజిలైనా సరిపోతుంది. తుప్పు పట్టి బిగిసిన ప్రతి నట్టు మీదా ముందురోజే నాలుగు చుక్కలు వేసి వదిలేయడం సగం పని. బలం పెట్టేకన్నా ఓపిక పెట్టడం లాభం. తల అరిగిన నట్టును తీయడానికి పట్టే సమయం, నూనె నానడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ. రెండు హెచ్చరికలు మాత్రం గుర్తుంచుకోవాలి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే అది వదులవుతుంది. పెడళ్ళ ఇరుసు ఉండే అడుగు గొట్టంలో గొలుసు పక్కన ఉండే కప్పు కూడా సాధారణంగా తిరగ మరే. దాన్ని ఇంట్లో కదిలించనక్కర్లేదు, లోపల శుభ్రం చేసి అలాగే ఉంచుకోవచ్చు.

తిరిగేవన్నీ కొత్తగా

పాత సైకిలు బరువుగా తొక్కాల్సి వస్తుందని చాలామంది ఫిర్యాదు. దానికి కారణం అసలు బరువు కాదు, ఎండిపోయిన గ్రీజు. ముప్పై ఏళ్ళు కదలని హబ్బులో గ్రీజు గట్టిపడి జిగురైపోతుంది. దుమ్ము కలిసి అది గోళీలను ఆకురాయిలా అరగదీస్తుంది. హబ్బు విప్పి, గోళీలు లెక్కపెట్టి, కిరోసిన్‌తో కడిగి చూస్తే పరిస్థితి తేలుతుంది. మామూలు రోడ్‌స్టర్ ముందు హబ్బులో పక్కకు 10 సన్న గోళీలు, వెనక హబ్బులో పక్కకు 9 పావు అంగుళం గోళీలు ఉంటాయి. కోను మీద గోళీ నడిచే దారి నున్నగా మెరుస్తుంటే చాలు. గుంటలు పడితే కోనూ గోళీలూ రెండూ మార్చాలి. పాత గోళీల్లో బాగున్నవి ఏరి కొత్తవాటితో కలపడం తప్పుడు పొదుపు. రవ్వంత తేడా ఉన్న గోళీల మీద బరువు సమంగా పడదు, పెద్దవే మోస్తాయి. తిరిగి బిగించేటప్పుడు చక్రం పక్కకు కదలకూడదు, అలాగని ఇరుసు చేత్తో తిప్పితే గరుకుగా తగలకూడదు. ఈ రెంటి మధ్య బిందువు దొరికేదాకా కోనును కొద్దికొద్దిగా తిప్పుతూ చూడాలి. నేర్చుకోవలసిన అసలు నైపుణ్యం ఇదొక్కటే. ఒక చక్రానికి చేసినవాళ్ళు రెండో చక్రానికి సులువుగా చేస్తారు.

పెడళ్ళ కమ్మీని ఇరుసుకు బిగించేది కాటర్ పిన్ను, అంటే ఒక పక్క వాలుగా చదును చేసిన ఉక్కు మేకు. పాత సైకిలు విప్పడంలో చాలామంది ఓడిపోయేది ఇక్కడే. నట్టును పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చేయాలి. కమ్మీ కింద, పిన్ను తల దిగడానికి చోటుండేలా, ఒక ఇనుప గొట్టం ముక్కను నేలకు ఆనించి నిలబెట్టాలి. అప్పుడు ఒకటి రెండు గట్టి దెబ్బలు వేయాలి. చిన్న చిన్న దెబ్బలు పాతిక వేస్తే పిన్ను ఊడదు, వంగుతుంది. కింద ఆసరా లేకపోతే దెబ్బ లోపలి గోళీల మీద పడుతుంది. కొత్త పిన్నులు వేసేటప్పుడు రెండూ ఎదురెదురు దిశల్లో ఉండాలి, లేకపోతే రెండు పెడళ్ళూ ఒకే గీత మీదికి రావు. గొలుసు సంగతి కొలబద్దే చెబుతుంది. పిన్ను నుంచి పిన్నుకు 24 ఖాళీలు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంతకు అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే గొలుసు అరిగినట్టే, అలాంటి గొలుసు పళ్ళ చక్రాన్ని కూడా తినేస్తుంది. గొలుసుకు కొబ్బరినూనె వేసే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది, మానుకోవలసిన అలవాటది. అలాంటి వంటనూనెలు గాలి తగిలి జిగురుగా మారతాయి, చలికాలం తెల్లవారుజామున కొబ్బరినూనె పేరుకుంటుంది కూడా. కుట్టుమిషను నూనె అంతకన్నా మేలు.

టైర్ల విషయంలో వెనకాడనక్కర్లేదు. నిల్వ ఉన్న రబ్బరు నెర్రెలు బారుతుంది, కాబట్టి నడిచినా నడవకపోయినా టైర్లూ ట్యూబులూ మార్చాల్సిందే. గాలి నిలవడం లేదంటే ట్యూబును అనుమానించే ముందు వాల్వు లోపలి సన్నని రబ్బరు గొట్టం చూడండి. అది ఎండి చీలడమే తరచూ కారణం, దాని ఖరీదు ఎంతో లేదు. రిమ్ముకు ‘బెండు తీయడం’లో ఈ సైకిలుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇప్పటి సైకిళ్ళలో బ్రేకు రబ్బరు రిమ్ము పక్కలను పట్టుకుంటుంది. కడ్డీ బ్రేకులో అది రిమ్ము లోపలి అంచును, అంటే ఇరుసు వైపు ఉన్న తలాన్ని ఒత్తుతుంది. అందువల్ల చక్రం పక్కలకు కొంచెం ఊగినా బ్రేకు ఓర్చుకుంటుంది, పైకీ కిందికీ ఎగిరితే మాత్రం ప్రతి చుట్టుకూ ఒకచోట పట్టేస్తుంది. కనుక ముందు గుండ్రదనం, ఆ తర్వాతే పక్క ఊగుడు సరిచేయాలి. స్పోకు నిప్పిలును ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. ఇది చేతకాకపోతే సైకిలు షాపుకు చక్రాన్ని మాత్రం పట్టుకెళ్ళినా చాలు.

కనిపించేవన్నీ పాతగా

ఇప్పుడు సూత్రంలోని రెండో సగం. దీనికే ఇంట్లో వ్యతిరేకత ఎక్కువ. ‘ఇంత పనిచేసి రంగు వేయించకపోతే ఎలా?’ అని తప్పకుండా అడుగుతారు. రంగు వేయించకూడదనడానికి నా కారణాలు మూడు. మొదటిది మన్నిక. ఫ్యాక్టరీలో ఆ నల్ల ఎనామిల్‌ను కొలిమిలో కాల్చి గట్టిపరిచారు. వీధి చివర స్ప్రే చేసే గాలికి ఆరే రంగు దానితో సరితూగదు, స్పానరు తగిలిన మొదటిరోజే పెచ్చు లేస్తుంది. రెండోది ఆరోగ్యం. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించనివ్వని నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అర్ధశతాబ్దం కిందటి సైకిలు రంగులో సీసం ఉండే ఉంటుందనుకోవడమే జాగ్రత్త. పొడి గరుకు కాగితంతో దాన్ని ఇంటి వరండాలో గీకితే ఆ దుమ్ము పిల్లల చేతులకు అంటుతుంది. రిమ్ములకు కొత్త క్రోము పూయించడం కూడా ఇలాంటిదే. ఆ పనిలో సాధారణంగా వాడే హెక్సావాలెంట్ క్రోమియంను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పైగా పూతకు ముందు పట్టే సానకు లోహం మీద చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి.

మూడో కారణం అన్నిటికన్నా ముఖ్యం. ఆ బండి ఫలానా ఇంటిదని చెప్పేది దాని ఉపరితలమే. బంగారు గీత, ముందున్న ఇత్తడి ముద్ర, సీటు గొట్టం మీద ఫ్రేము నంబరు, క్యారేజీ కట్టిన తాడు ఒరుసుకున్న చోటు, పాలక్యాన్ల కొక్కేలు నొక్కిన గుంట. వీటిని గీకేస్తే మిగిలేది షాపులో కొత్తగా దొరికే బండికి నకలు. చారిత్రక కట్టడాల పరిరక్షణకు 1964లో కుదిరిన వెనిస్ ఒప్పందం ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలన్నది. కోటలకు పెట్టుకున్న ఆ నియమం సైకిలుకూ పనికొస్తుంది. అసలు గీత ఏ మందంలో ఉండేదో, ముద్రలో ఏ రంగు ఉండేదో తెలియకుండా వేసే కొత్త రంగు ఊహే. కావాలనుకుంటే రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, గీకేసిన రంగును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. మార్పుల్లో వెనక్కి తీసుకోగలిగినవి ముందు, తీసుకోలేనివి చివర అన్నది తెలివైన క్రమం.

తుప్పును అలాగే వదిలేస్తే బండిని తినేయదా అన్నది న్యాయమైన సందేహమే. తుప్పు ముందుకు సాగడానికి నీరూ ప్రాణవాయువూ రెండూ కావాలి. పైన పొడిగా రాలే ఎర్ర తుప్పును తీసేసి, కింద ఉన్న గట్టి గోధుమ పొరను నూనెతోనో మైనంతోనో కప్పితే అవి రెండూ అందవు. పెయింటు భాగాలను సబ్బునీటితో తుడిచి, బాగా ఆరనిచ్చి, కార్లకు వాడే మైనం పల్చగా రాస్తే చాలు. అక్షరాలున్న చోట ముందు ఓ మూల తుడిచి చూసుకోవాలి, కొన్ని పాత స్టిక్కర్లు సబ్బుకే లేచిపోతాయి. ఉక్కు బయటపడిన మచ్చల మీద మాత్రం రెడ్ ఆక్సైడు వేసి, సన్న కుంచెతో నల్ల ఎనామిల్ అద్దవచ్చు. క్రోము మీది తుప్పుకు నలిపిన అల్యూమినియం రేకును నీటిలో ముంచి రుద్దితే ఆశ్చర్యపోయేంత తేడా కనిపిస్తుంది. అల్యూమినియం క్రోము కన్నా మెత్తన కావడంతో గీతలు పడవు. విడదీసిన నట్లూ బోల్టులూ నిమ్మ ఉప్పు నీటిలో కొన్ని గంటలు నానేస్తే తుప్పు వదులుతుంది. తీశాక బాగా కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. చింతపండు కూడా పులుపుతోనే పనిచేస్తుంది, కానీ రంగు నింపిన ఇత్తడి ముద్ర మీద ఏ పులుపూ పెట్టకండి, పొడి గుడ్డ చాలు. తోలు సీటును నూనెలో తడపకూడదు. మెత్తబడి కిందికి జారుతుంది. తోలు క్రీము పల్చగా రాసి, ముందున్న మరను కొద్దిగా బిగించాలి.

ఒప్పుకోవలసినవీ ఒప్పుకోనివీ

ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాల్లో అత్యంత బలమైనది బ్రేకులది. అందులో నిజముంది. క్రోము పూసిన ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు బాగా తగ్గుతుంది, వానలో ఈ సైకిలు ఆగడానికి చాలా దూరం కావాలి. దీన్ని మరమ్మతు పూర్తిగా తీర్చలేదు, తగ్గించగలదు. నాలుగు రబ్బర్లూ కొత్తవి వేయాలి, పాతవి పైకి మెత్తగా కనిపించినా నమ్మకూడదు. కడ్డీల నట్లు బిగించి, లీవరు సగం నొక్కేలోపే రబ్బరు రిమ్మును తాకేలా చూడాలి. రిమ్ము లోపలి అంచు మీద నూనె చుక్క లేకుండా తుడవాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, ముందు దీపం పెట్టాలి, అవి బిగించడానికి ఫ్రేముకు కన్నం వేయనక్కర్లేదు, పట్టీలు దొరుకుతాయి. ఇంత చేశాకా ఇది ఊరి వీధులకూ, పొలం దారికీ, కాలనీ రోడ్లకూ తగిన బండి. జోరు వానలో జాతీయ రహదారి మీదికి దీన్ని తీసుకెళ్ళడం అవివేకం. అందుకే నా సూత్రంలో తిరిగేవాటి పక్కన ఆపేవాటిని కూడా చేర్చాను. ఆ రెంటిలో పాతదనం మీద గౌరవానికి తావు లేదు.

కొత్త సైకిలే కొనుక్కోవచ్చు కదా అన్నది రెండో అభ్యంతరం. కొనుక్కోవచ్చు. టైర్లు, ట్యూబులు, గొలుసు, కోనులు, గోళీలు, కాటర్ పిన్నులు, బ్రేకు రబ్బర్లు కలిపినా కొత్త బండి ధరలో సగం దాటడం అరుదు. ఖర్చును పెంచేదల్లా రంగూ క్రోమూనే, అవి మనం వద్దనుకున్నవే. మీ సమయానికి కూలి కట్టి లెక్కేస్తే మాత్రం కొత్తదే చౌక కావచ్చు. కానీ ఆ సమయంలో మీరు కొన్నది సైకిలొక్కటే కాదు, దాన్ని ఇక ముందు బాగుచేసుకునే చేతి నేర్పు కూడా. గేర్లు లేవు, 20 కిలోల దాకా బరువుంటుంది అనేది మూడోది. ఘాటు రోడ్డు ఎక్కాలంటే ఆ మాట నిజమే. కోనసీమ గట్ల మీద, గుంటూరు లాంటి చదును పట్టణాల వీధుల్లో గేరు లేకపోవడం లోటు కాదు, పాడయ్యే వస్తువు ఒకటి తగ్గడం. వాలుగా ఉన్న ఫోర్కు, పొడవాటి ఫ్రేము, స్ప్రింగుల సీటు గతుకుల రోడ్డు కోసమే రూపొందినవి. మన రోడ్లు ఆ అవసరాన్ని ఇంకా తీసేయలేదు.

ఇదంతా సైకిలు షాపువాడి పని, అతని పొట్ట కొట్టడం ఎందుకనేవాళ్ళూ ఉంటారు. నిజానికి ఇంట్లో పని మొదలుపెట్టినవాళ్ళే ఆ షాపుకు ఎక్కువసార్లు వెళ్తారు. ఫ్రీవీల్ విప్పడానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. వంగిన కాటర్ పిన్నుకు డ్రిల్లింగు కావాలి. రిమ్ముకు కొత్త స్పోకులు కట్టడం అనుభవంతో వచ్చే విద్య. వీటికి అడిగినంత ఇవ్వడం న్యాయం. ఓవర్‌హాలింగుకు బండి మొత్తం అప్పగించి, ‘కొత్తదానిలా చేసెయ్’ అనడంలోనే చిక్కుంది. అప్పుడు బాగున్న పాత కోను పోయి నాసి కొత్త కోను వస్తుంది, గట్టి ఉక్కు మడ్‌గార్డు స్థానంలో పల్చటి రేకు వస్తుంది. ఏది ఉంచాలో, ఏది మార్చాలో నిర్ణయం ఇంటివాళ్ళది కావాలి. పనితనం ఎవరిదైనా పరవాలేదు.

2011 జనగణన నాటికి దేశంలో నూటికి 45 ఇళ్ళకు కొంచెం తక్కువగా సైకిలు ఉంది. వాటిలో ఎన్నో నల్లవి, ఎన్నో ఇప్పటికే తూకానికి పోయాయి. మిగిలిన ప్రతిదాన్నీ కాపాడాలని నేననను. ఫ్రేము పగిలినది, ఫోర్కు తినేసినది తొక్కడానికి పనికిరాదు. దాని హబ్బులూ బెల్లూ సీటూ తీసి ఇంకో బండికి వాడడమే దానికి సరైన గౌరవం. గట్టిగా ఉన్నది మీ ఇంట్లో ఉంటే మాత్రం రంగుల షాపుకు ముందు తీసుకెళ్ళకండి. ఒక చక్రం విప్పండి, గ్రీజు మార్చండి, చేత్తో తిప్పి చూడండి, మిగతా పని చేయాలో వద్దో అదే చెబుతుంది. బాగయ్యాక దానికి కావలసింది వారానికోసారి గాలి, నెలకోసారి గొలుసుకు నూనె, ఏడాదికోసారి హబ్బుల్లో గ్రీజు. అంతమాత్రం చేసే తీరిక లేదనుకుంటే హాల్లో అలంకారంగా పెట్టకుండా, రోజూ తొక్కేవాళ్ళకు ఇచ్చేయండి. సైకిలు తుప్పు పట్టేది వాడినందుకు కాదు, వాడనందుకు.